కొంగు ఫొటో

దయ్యం అని రాయాలా, దెయ్యం అని రాయాలా అన్నది నాకు ఎప్పుడూ ఉన్న గొడవ. అది ఉందా లేదా అన్న గొడవ మాత్రం ఏనాడూ లేదు. లేదనే నా లెక్క. లక్సెట్టిపేటలో మేము నడిపే 'ఏటిగడ్డ' వారపత్రికకు అప్పుడప్పుడు అలాంటి వార్తలు వచ్చేవి. ఫలానా ఊరి బడిలో గజ్జెల చప్పుడట, ఫలానా బావి దగ్గర తెల్లచీరట. నేను ఎర్రసిరా పెన్నుతో 'దయ్యం'ను 'దెయ్యం' చేసి, చివర 'అని గ్రామస్థులు చెప్పుకుంటున్నారు' అని తగిలించి అచ్చుకు పంపేదాన్ని. ప్రూఫులు దిద్దేవాళ్లకు భయం కంటే పట్టింపు ఎక్కువ.

కాబట్టి ఇది నమ్మమని ఎవరినీ బతిమాలను. చూసింది చూసినట్టు రాస్తాను. మనుషుల పేర్లు, పత్రిక పేరు మాత్రం మార్చాను.

మా పత్రిక సంగతి కాస్త చెప్పాలి. రాజేశం సారు బడిపంతులు ఉద్యోగం వదులుకొని పెట్టిన పత్రిక అది. ఊళ్లో ఆయనను ఎడిటర్ సారూ అని దండాలు పెట్టేవాళ్లు. ఇంట్లో ఆయన భార్య మాత్రం "బయట పల్లకీ మోత, ఇంట్ల ఈగల మోత" అని మా ముందే అనేది. ఆయన నవ్వి ఊరుకునేవారు. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి కూర్చడానికి ఓదేలు ఉండేవాడు. ప్రూఫులు దిద్దడానికి, వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇవ్వడానికి, సారుకు కళ్లజోడు ఎక్కడ పెట్టారో గుర్తు చేయడానికి నేను. డిగ్రీ అయిపోయిన ఏడాది చేరాను. పెళ్లయ్యాక కూడా ఇదే ఊళ్లో ఉండిపోవడంతో ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను.

సీసం అక్షరాల రోజుల్లో ఫొటో వేయాలంటే జింకు బ్లాకు చేయించాలి. అది కరీంనగర్ నుంచి రావాలి. అందుకని ఉన్న బ్లాకులనే తిప్పి తిప్పి వాడేవాళ్లం. వరదొచ్చినా, కరువొచ్చినా మా పేపర్లో అదే రైతు, అదే తలగుడ్డ. చివరికి ఆ రైతే ఒకరోజు ఆఫీసుకు వచ్చి, "నన్ను ఇంకెన్నిసార్లు ముంచుతరు సారూ" అని అడిగాడు. ఆ తర్వాత ఆఫ్‌సెట్ వచ్చింది. ఫొటోలు వేయడం సులువైంది. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే యాదగిరి అన్నను సారు పట్టుకొచ్చి, పైసా జీతం లేకుండా 'స్టాఫ్ ఫొటోగ్రాఫర్' అన్న బిరుదు ఇచ్చారు.

ఆ కొత్తలో వేసిందే ఈ ఫొటో.

బీడీ కార్ఖానాలో అప్పట్లో కార్డు ఉన్నవాళ్లకే లెక్క. కార్డు లేని ఆడవాళ్లు తోటికోడలి పేరు మీదో, వదిన పేరు మీదో బీడీలు చుట్టేవాళ్లు. మాకూ మా పేరున కార్డు కావాలని చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు ఒకరోజు బడి ఆవరణలో కూడారు. యాదగిరి అన్న వాళ్లను వరండా మెట్ల మీద రెండు వరుసల్లో నిలబెట్టి తీశాడు. వెనక కిటికీ ఊచలు, ఒక పక్కన చాట పట్టుకున్న ముసలమ్మ. అందరూ కెమెరాను బెదురుగా చూస్తున్నారు. వెనక వరుసలో ఒకామె మాత్రం కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నుదురు కూడా కనిపించదు. కొంగు పట్టుకున్న చెయ్యి, ఆ చేతికి గాజులు, అంతే.

ఫొటో చూసి సారు యాదగిరి అన్నను బాగా ఆటపట్టించారు. తర్వాతి వారం తన ముచ్చట్ల శీర్షికలో కూడా రాశారు. మా ఫొటోగ్రాఫరు ఊళ్లో పెళ్లికూతుళ్లందరి తల ఎత్తించిన మొనగాడే గానీ, ఒక బీడీల తల్లి కొంగు ముందు ఓడిపోయాడు, ఆమె ఎవరో మాకు తెలియదు, ఆమెకే మా దండం అని. ఆ వ్యాసం కూడా నేనే దిద్దాను. అప్పటి నుంచి మా ఆఫీసులో దానికి 'కొంగు ఫొటో' అనే పేరు. ఎవరైనా ఫొటో పాడుచేస్తే "ఇంకో కొంగు ఫొటో తెచ్చినవా" అనేవారు సారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ ఫొటోలో కొంగు ఉందన్నది నా ఒక్కదాని జ్ఞాపకం కాదు.

సారు పోయారు. ఓదేలు అంతకంటే ముందే పోయాడు. పత్రికను ఇప్పుడు ఎక్కువమంది ఫోన్లలోనే చదువుతున్నారు, ముసలివాళ్ల కోసం కొన్ని ప్రతులు అచ్చు వేయిస్తున్నాం. పాత సంచికలన్నీ ఏడాదికొక పుస్తకంగా కుట్టించి ఆఫీసు అలమారాలో పెట్టాం. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

భాద్రపదంలో, పెత్రామాస దగ్గరపడిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం శారద అనే ఆమె ఆఫీసుకు వచ్చింది. నలభై దాటి ఉంటుంది. పుట్టిల్లు మా పక్క పల్లె, మెట్టినిల్లు ఖానాపూర్ దగ్గర. భర్త మస్కట్‌లో ఉంటాడు. చనిపోయిన పెద్దల పేరున బియ్యం ఇచ్చుకునే రోజు కదా, తల్లి పేరున ఇద్దామని పుట్టింటికి వచ్చింది. తల్లి పేరు రాజవ్వ. శారద ఇంకా పాలు తాగే వయసులో ఉండగానే జ్వరంతో పోయింది.

"మా అవ్వ ఒక్కపారి మీ పేపర్ల వడ్డదట అక్కా. మా పెద్దవ్వ చెప్పింది. కార్డుల మీటింగుకు ఇద్దరు కలిసి వొయ్యిండ్రట. జర సూస్తరా?" అంది.

పెద్దవ్వ అంటే రాజవ్వ తోటికోడలు. శారదను సాకింది ఆమే. రాజవ్వ బీడీలు చుట్టింది కూడా ఆమె కార్డు మీదనే. కాబట్టి కార్ఖానా కాగితాల్లో రాజవ్వ పేరు లేదు. ఓటరు కార్డులకు ఫొటోలు ఇంకా రాని కాలం. పెళ్లిలో ఫొటో తీయించే స్తోమత లేదు. ఆ పైన ఆమెకో పట్టింపు ఉండేదట, ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని.

"దిగకున్నా ఏం బతికింది అక్కా" అంది శారద.

కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. హాల్లో గోడకు అత్తమామల ఫొటోలు పెడతారు. పక్కన తల్లి కోసం ఈమె ముందే మేకు కొట్టించి పెట్టుకుంది. "మా బిడ్డ అడుగుతది, నీ అవ్వ ఎట్లుంటుండె అని. నాకే తెల్వకపాయె, దానికేం చెప్పాలె" అంది. ఏడుపు గొంతుతో అనలేదు. సామాన్ల ధరలు చెప్పినట్టు మామూలుగా చెప్పింది. అందుకే నాకు మరీ కష్టంగా అనిపించింది.

ఎందుకంటే మెట్ల మీద ముఖం దాచుకున్న మనిషి ఎవరై ఉంటుందో నాకు అప్పటికే అర్థమైపోయింది.

లేదని చెప్పి పంపిద్దామా అనుకున్నాను. నోరు రాలేదు. అలమారా తీసి, ఆ ఏడాది పుస్తకం బల్ల మీద పెట్టి, పేజీ తెరిచాను. కుట్టు గట్టిది కావడంతో పేజీ మూసుకుపోతుంది, అందుకని బొటనవేలుతో నొక్కి పట్టుకున్నాను. శారద వంగి చూసింది. మొదట పెద్దవ్వను గుర్తుపట్టింది. తర్వాత ఆమె వేలు మెల్లగా పక్కకు జరిగి కొంగు మీద ఆగింది.

"గిదే మా అవ్వ" అంది. "ముఖం సూపియ్యలేదు" అంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నాకు ఏ చుట్టమూ కాని మనిషి కోసం అలా ఏడవడం అదే మొదలు.

కళ్లు తుడుచుకొని, కనీసం కొంగైనా ఉంటుంది అని ఫోన్‌తో ఫొటో తీసుకుంది. బస్సుకు టైమైందని వెళ్లిపోయింది.

కార్తీకంలో గృహప్రవేశానికి పిలిచింది. నన్ను పిలుస్తుందని అనుకోలేదు. జన్నారం మీదుగా బస్సులో వెళ్లాను. ఇంటి నిండా జనం. కాళ్లు కడుక్కొని హాల్లోకి వెళ్లి గోడ వైపు చూశాను.

అత్తమామల పక్కన ఒక ఆడమనిషి ఫొటో ఉంది. దండ వేశారు. మా పేపరు ఫొటో అన్నది చూడగానే తెలిసింది. పేపరు ఫొటోను పెద్దది చేస్తే జొన్నగింజల్లాంటి చుక్కలు కనిపిస్తాయి, అవే చుక్కలు. వెనక అవే కిటికీ ఊచలు. పక్కన పెద్దవ్వ భుజం కొంచెం. మధ్యలో ముఖం. కొంగు భుజం మీద ఉంది. కొంగు పట్టుకున్న చెయ్యి కిందికి దిగి ఉంది. ముక్కుకు పుల్ల, కొంచెం ఎత్తు పళ్లు, నవ్వు ముఖం. వయసు మహా అయితే ఇరవై ఉంటుంది. తల్లి ఫొటో అంటే పెద్దమనిషిని ఊహించుకుంటాం కదా, నా బిడ్డ కంటే చిన్నది.

నేను అక్కడే నిలబడిపోయాను. నా పక్కన ఒక ముసలామె వచ్చి నిలబడింది. పెద్దవ్వ అని ఎవరో అన్నారు.

"మా రాజవ్వనే బిడ్డా" అంది నాతో. "గీ పండ్లకే సిగ్గువడి కొంగు అడ్డం వెట్టుకుంటుండె."

శారద విస్తళ్ల దగ్గర హడావిడిగా ఉంది. నన్ను చూసి దూరం నుంచే "మా అవ్వ అచ్చింది అక్కా" అంది. అందరి ముందు ఏమి అడగను? కూర్చొని తిన్నాను గానీ ఏం తిన్నానో గుర్తు లేదు.

తిరుగు బస్సులో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు కంప్యూటర్లు ఏమైనా చేస్తున్నాయి. ముసలామె చెప్పిన గుర్తులు పట్టుకొని ఏ స్టూడియోవాళ్లో ముఖం తయారుచేసి ఉంటారు. ఆ మాట అనుకోగానే నిమ్మళం కావాల్సింది పోయి కోపం వచ్చింది. తల్లి ముఖం కోసం అంత తపించిన మనిషికి ఎవరో పరాయి ముఖం అంటగట్టారా? శారద రేపు తన బిడ్డకు మీ అమ్మమ్మ అని ఎవరిని చూపిస్తుంది? ఇది నాకు చిన్న విషయంగా తోచలేదు. నా బతుకంతా అచ్చులో పడ్డదాన్ని అసలుతో సరిచూడడంతోనే గడిచింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి పుస్తకం తెరిచాను. కొంగు అలాగే ఉంది. పక్క వారం సంచికలో సారు రాసిన ముచ్చటా అలాగే ఉంది.

శారదకు ఫోన్ చేసి, ఆనాడు తీసిన ఫొటో ఉన్నది ఉన్నట్టుగా నాకు పంపమన్నాను. ఎందుకు అని కూడా అడగకుండా పంపింది.

అది తెరిచినప్పుడు ఇంట్లో వరండాలో కూర్చొని ఉన్నాను. ఎండ బాగా ఉంది. ఫొటోలో మా ఆఫీసు బల్ల ఉంది. పేజీ మధ్య కుట్టుదారం ఉంది. ఫొటో కింద వ్యాఖ్య ఉంది. అందులో 'సమావేశం' అనే మాటలో దీర్ఘం ఎగిరిపోయి 'సమవేశం' అయింది, అది ఆ వారం నా కళ్లు తప్పించుకున్న అచ్చుతప్పు. పేజీ అంచున నా బొటనవేలు ఉంది. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు సగం గోరు మీద ఇంకా ఎర్రగా ఉంది. అన్నీ నా ఎదుట ఉన్నవే. రాజవ్వ ముఖం మీద మాత్రం కొంగు లేదు.

నా వేలు కింద ఉన్న కాగితం మీద కొంగు ఉండగా, ఆ వేలుతో సహా తీసిన ఫొటోలో కొంగు లేదు. దీన్ని ఎటు తిప్పి చదివినా నాకు అర్థం కాలేదు. దాన్ని భయం అనలేను. తప్పు ఎక్కడుందో దొరకనప్పుడు కలిగే చిరాకు, దాంతో పాటు ఏదో గౌరవం.

యాదగిరి అన్న దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు స్టూడియో పెద్దగా నడవదు, ఆధార్ ఫొటోలు, పాస్‌పోర్టు ఫొటోలు తీస్తాడు. కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చాలాసేపు చూశాడు. పాత నెగెటివులు ఉన్నాయా అని అడిగితే లేవన్నాడు. వాటి మీది వెండి కోసం కొనేవాళ్లు వస్తే ఎప్పుడో అమ్మేశాడట.

"కంప్యూటర్ల చేసిన ముఖమైతే నున్నగుంటది చెల్లె" అన్నాడు. "గీ చుక్కలు గట్ల రావు. కిటికీ మీద ఎట్లున్నయో ముఖం మీద గట్లనే ఉన్నయి."

"మరి నువ్వు తీసినప్పుడు?"

"కొంగు తియ్యలే. గది నాకెందుకు యాదుండదు? సారు సచ్చేదాంక నన్ను దాంతోనే సతాయించిండు గదా." మళ్లీ తెర వైపు చూశాడు. "తక్కినోళ్లందరు నా కెమెరాను సూస్తుండ్రు. గీమె ఎవలనో సూసి నవ్వుతుంది. నా జిందగీల నా కెమెరాకు ఎవ్వలు గిట్ల నవ్వలే."

చాయ్ తెప్పించాడు, తాగి వచ్చేశాను. నేను బయల్దేరేముందు ఆయన ఒక సలహా ఇచ్చాడు. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి 'ఏటిగడ్డ'లో వెయ్యి, ఊరంతా కొనుక్కుంటారు అన్నాడు. సరదాకే అన్నా, నాకూ ఆ ఆలోచన పట్టుకుంది. మా పత్రిక పుట్టాక ఇంత పెద్ద వార్త దానికి దొరకలేదు. అయితే శారదను అడగకుండా వేయడం ధర్మం కాదు. అసలు ఆ ఫొటో పేపర్లో ఉన్నట్టు లేదని ఆమెకు తెలుసో లేదో కూడా నాకు తెలియదు. తెలియకపోతే చెప్పాల్సింది నేనే.

మళ్లీ ఖానాపూర్ బస్సు ఎక్కాను. గృహప్రవేశం సందడి పోయి ఇల్లు మామూలుగా ఉంది. శారద వరండాలో కందులు చెరుగుతోంది. లోపల గోడ మీద రాజవ్వ నవ్వుతూనే ఉంది. దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ వదిలేసి సూటిగా చెప్పేశాను. మా పుస్తకంలో మీ అమ్మ ముఖం లేదు శారదా, కొంగే ఉంది, నేను ఎప్పుడు తెరిచినా కొంగే అన్నాను.

ఆమె చాట కింద పెట్టింది.

"ఎరికే అక్కా" అంది. "ఆనాడు నాకు కనవడ్డది గూడ కొంగే. గందుకే గద ఏడ్చిన. బియ్యమిచ్చి గీడికొచ్చినంక, మా బిడ్డకు సూపిద్దామని ఫోన్ తీస్తె గిట్లున్నది."

"నువ్వు భయపడలేదా?"

"మా అవ్వను సూసి నేనెందుకు భయపడ్త?" నాకు తెలియని చిన్న విషయం చెప్తున్నట్టుగా అంది. "బయటోళ్ల ముంగట కొంగు అడ్డం వెట్టుకుంటది. ఇంట్ల ఎందుకు వెట్టుకుంటది అక్కా?"

ఆ మాట వినడానికి బాగుంది గానీ, నాలోని ప్రూఫురీడరు ఊరుకోదు. యాదగిరి అన్న బయటివాడు కాదా? నేను బయటిదాన్ని కాదా? మాకెందుకు కనిపించింది? అదే అడిగితే శారద మళ్లీ చాట అందుకుంది. బడి నుంచి వచ్చిన ఆమె బిడ్డ సంచి ఒక మూలన పడేసి, గోడ వైపు చూడకుండానే లోపలికి పోయి అన్నం పెట్టుకుంది. రోజూ చూసే మనిషిని ఎవరు మాత్రం తల తిప్పి చూస్తారు?

లేచేముందు పత్రిక సంగతి అడిగాను. రెండు ఫొటోలూ వేస్తాను, నీ పేరు వద్దంటే రాయను అన్నాను. శారద ఒప్పుకుంటుందనే అనుకున్నాను. ఆమె గోడ వైపు చూసింది, తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"పేపర్ల ఎయ్యకు అక్కా. మల్ల కప్పుకుంటది."

అందుకే వేయలేదు. నా ఫోన్లో ఉన్నదాన్ని కూడా ఆమె ముందే తీసేశాను. అదెలా జరిగిందో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఇది మాత్రం ఫొటో లేకుండా రాస్తున్నాను.